కేక్ మీదున్నదంతా కడుపులోకి పోవాలి

మా ఇంట్లో పుట్టినరోజు కేకులు నేనే చేస్తాను. ఎవరి ఇష్టాన్ని బట్టి వాళ్ల థీమ్. షరతు ఒకటే: కేక్ మీద ఏం పెట్టినా దాన్ని ఎవరో ఒకరు ఇష్టంగా తినాలి. కొరికి చూసి ప్లేటు అంచుకి తోసేసే వస్తువు ఎంత అందంగా ఉన్నా దాన్ని నేను కేక్ ఎక్కించను.

ఇదంతా చాదస్తమని మా ఆడపడుచు అంటుంది. ఇన్నాళ్లూ నవ్వులాటగా నడిచిన ఈ వాదన మొన్న వాళ్లబ్బాయి మొదటి పుట్టినరోజుతో కాస్త ముదిరింది. కాకినాడలో పెద్ద ఫంక్షన్ హాలు, అడవి థీమ్, అయిదంతస్తుల కేక్. పైన సింహం, పక్కన జిరాఫీ, చుట్టూ తీగలూ ఆకులూ. చూడ్డానికి రెండు కళ్లూ చాల్లేదు, అబద్ధమెందుకు. తీరా చూస్తే పై నాలుగంతస్తులూ థర్మోకోల్. అడుగు అంతస్తులో ముందువైపు మాత్రమే అసలు కేక్ ఉందనీ, కత్తి అక్కడే పెట్టాలనీ కేక్ తెచ్చినతను మా మరిది చెవిలో చెప్పాడు. ఫొటోలు అయిపోగానే పై అంతస్తుల్ని జాగ్రత్తగా అట్టపెట్టెలోకి దించుకుని పట్టుకుపోయాడు. వాటికి మర్నాడు ఇంకో ఫంక్షన్ ఉందట. మా చేతికొచ్చిన ముక్కలు వేరు, అవి వంటశాల వైపు నుంచి ట్రేలలో వచ్చిన పైనాపిల్ పేస్ట్రీలు.

"అసలు కేక్ ఎవరు తింటారు వదినా? అదంతా ఫొటోల కోసమే కదా" అంది మా ఆడపడుచు. నాకు చివుక్కుమన్నది ఆ మాటకే.

ఆ సందట్లో ఓ నాలుగేళ్ల పిల్లాడు ఏడ్చి పట్టుబట్టి ఒక ఏనుగు బొమ్మ సంపాదించాడు. చెవి కొరికాడు. కాసేపు నమిలాడు. మిగతా ఏనుగుని వాళ్లమ్మ అరచేతిలో పెట్టి ఆటకి పారిపోయాడు. ఆవిడ భోజనాల దగ్గర కూడా ఎడం చేత్తో ఆ ఏనుగుని పట్టుకునే ఉంది. పారేయడానికి మనసొప్పక, తినడానికి నోరు రాక.

ఫాండెంట్ తినొచ్చు, తినేదెవరు?

ఆ ఏనుగు ఫాండెంట్‌తో, అంటే కేక్ మీద పరచడానికీ బొమ్మలు చేయడానికీ వాడే చక్కెర ముద్దతో చేసింది. తినకూడనిదేమీ కాదు. ఐసింగ్ షుగర్, గ్లూకోజ్ సిరప్, గ్లిసరిన్, కాస్త వనస్పతి లాంటి కొవ్వు, ముద్ద సాగడానికి జెలటినో బంకో. బొమ్మలు గట్టిగా నిలబడాలంటే టైలోజ్ పొడి కలుపుతారు. అలా ఆరిన బొమ్మ కొరికితే టక్కుమంటుంది. రుచి అంటారా, తీపి. ఆ తీపి వెనక ఇంకేమీ ఉండదు. జెలటిన్ వేసినదైతే మా అత్తగారి లాంటి శాకాహారులకు అదీ పనికిరాదు. కేక్‌లో గుడ్డు లేదని మూడుసార్లు అడిగి తెలుసుకునే మనిషికి, పైనున్న జిరాఫీలో జంతువుల ఎముకల నుంచి తీసిన పదార్థం ఉందని ఎవరూ చెప్పరు.

బరువు సంగతి ఇంకొకటి. ఎనిమిది అంగుళాల గుండ్రటి కేక్‌ని కాస్త ఎత్తుగా చేసి పూర్తిగా కప్పాలంటే సుమారు 700 గ్రాముల ఫాండెంట్ పడుతుంది. పెరుగూ వంటసోడాతోనో, కండెన్స్‌డ్ మిల్క్‌తోనో చేసిన గుడ్డులేని కేక్ మెత్తగా, పొడిపొడిగా ఉంటుంది కదా. అంత బరువు మీద పడితే అణిగిపోతుంది. అణగకూడదంటే కేక్‌ని గట్టిగా చేయాలి. అంటే పైన ఎవరూ తినని దాన్ని మోయడానికి కింద అందరూ తినేదాన్ని చెడగొట్టుకోవాలన్నమాట. బయట కొంటే ఆ ఫాండెంట్ కూడా కిలో లెక్కలోకే వస్తుంది, అది వేరే బాధ.

పోనీ మన ఎండలకి అదైనా ఆగుతుందా అంటే, ఆగుతుంది, కొంతవరకు. నా వాదనకి ఇక్కడే గట్టి దెబ్బ తగులుతుందని ఒప్పుకోవాలి. మే నెలలో రాజమండ్రిలో వెన్నతో చేసిన క్రీమ్ బల్ల మీద పెట్టిన పావుగంటలో జారడం మొదలెడుతుంది. వెన్న 35 డిగ్రీల దగ్గరికల్లా కరిగిపోయే సరుకు, మన హాల్లో ఫ్యాన్ కింద కూడా అంతే ఉంటుంది. ఫాండెంట్ అలా కూలిపోదు. కాకపోతే చెమ్మ దానికి పడదు. ఫ్రిజ్‌లోంచి తీయగానే పైన నీటి బిందువులు పడతాయి, చక్కెర ఆ తడిని పీల్చుకుంటుంది, బొమ్మ మొహం జిడ్డుగా మెరుస్తుంది. గోదావరి జిల్లాల గాలిలో ఉండే తేమకి ఫ్రిజ్ అవసరం కూడా లేదు. బజార్లో దొరికే పాలు లేని విప్పింగ్ క్రీమ్ వేడికి వెన్నకన్నా మెరుగ్గా తట్టుకుంటుంది, మన బేకరీలన్నీ దాని మీదే నడుస్తున్నాయి. డార్క్ చాక్లెట్ గనాష్‌లో, అంటే వేడి క్రీమ్‌లో చాక్లెట్ కరిగించి చేసే ముద్దలో, క్రీమ్ వంతు తగ్గించి చాక్లెట్ రెండింతలకి పైగా వేస్తే అదీ నిలబడుతుంది. నేను ఎక్కువగా దాని మీదే ఆధారపడతాను. అయినా ఎండాకాలం, ఏసీ లేని హాలు, మూడు వందల మంది, కేక్ కోసేసరికి రాత్రి తొమ్మిదిన్నర అంటే ఫాండెంట్‌కే ఓటు. ఆ మాట మా ఆడపడుచుకి అప్పుడే చెప్పాను. థర్మోకోల్ సంగతి మాత్రం చెప్పొద్దంది.

మెరుపుల గురించి ఒక్క మాట

దీనిలో నాకు రెండో ఆలోచన లేదు. కేక్ సామాన్లు అమ్మే దుకాణాల్లో బంగారు, వెండి, రోజ్ గోల్డ్ పొడులు చిన్న చిన్న సీసాల్లో వరసగా పెట్టి ఉంటాయి. కొన్నింటి మీద తినదగినదని ఉంటుంది. కొన్నింటి మీద విషం కాదని మాత్రమే ఉంటుంది. ఈ రెండూ ఒకటి కావు. 2018లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక పుట్టినరోజు కేక్ తిని ఆరుగురు పిల్లలు కొన్ని గంటల్లోనే వాంతులతో పడిపోయారు. కేక్ మీద పూసిన రోజ్ గోల్డ్ పూతలో రాగి పొడి తేలింది. మరుసటేడు మిస్సోరీలో ఏడాది పాపకి రక్తంలో సీసం పెరిగితే, వెతగ్గా వెతగ్గా అది తన మొదటి పుట్టినరోజు కేక్ మీద చల్లిన పసుప్పచ్చ పొడి దగ్గర తేలింది. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021లో ఈ రెండు ఉదంతాలనూ నివేదికగా వేసింది. అలంకరణని ఎవరూ తినరులే అన్న ధీమా ఉన్నచోటే ఇలాంటివి కేక్ మీదకి చేరతాయని నా అనుమానం. పెద్దవాళ్లు తోసేస్తారు. ఏడాది పిల్ల తోసేయదు, చేతికందింది నోట్లో పెట్టుకుంటుంది.

రంగులు కూడా అంతే. మన దేశంలో ఆహారానికి అనుమతించిన కృత్రిమ రంగులు 8 మాత్రమే. వాటిని కొద్దిగా వాడితే నాకేం అభ్యంతరం లేదు, నేనూ వాడతాను. కానీ తెల్ల క్రీమ్‌ని నిఖార్సయిన ఎరుపు చేయాలంటే చేదు తగిలేంత రంగు పోయాల్సి వస్తుంది. పిల్లల నాలుకలు రెండు రోజులు ఎర్రగానే ఉంటాయి. అందుకే స్పైడర్‌మ్యాన్ కేక్ అడిగినవాళ్లకి నేను సాలెగూడు మాత్రమే చేసిస్తాను. చాక్లెట్ మీద తెల్ల చాక్లెట్ గీతలు గీసి పుల్లతో లాగితే చాలు.

మన పెట్టెలో ఉన్నవి

పెళ్లి సారెలో పంచదార చిలకలు వస్తాయి కదా. చెక్క అచ్చుల్లో పాకం పోసి తీసే చిలకలు, నెమళ్లు, గోపురాలు. తియ్యటి బొమ్మలు చేయడం మనకి ఎవరో నేర్పిన విద్య కాదు. "మరి ఆ చిలకల్ని ఎవరు తింటారు వదినా? డబ్బాలో చీమలు పట్టేదాకా ఉంటాయి" అని మా ఆడపడుచు అడిగింది. మంచి ప్రశ్నే. మా ఇంట్లో అయితే పిల్లలు తోకలు కొరికేస్తారు, మిగిలినవి దంచి పాలలోకో పాయసంలోకో పోతాయి. చిలక రూపం పోయినా పంచదార ఎక్కడికీ పోదు. టైలోజ్ వేసిన జిరాఫీని పాయసంలో వేయమంటే ఎవరు వేస్తారు?

ఇంతకీ బొమ్మలు చేయడానికి నాకు బాగా నచ్చినవి రెండు. ఒకటి చలిమిడి. తడి బియ్యప్పిండి, పాకం, కాస్త నెయ్యి. గోరువెచ్చగా ఉన్నప్పుడు ఎలా ఒత్తితే అలా లొంగుతుంది. బెల్లంతో చేస్తే గోధుమరంగు వస్తుంది కాబట్టి చెట్టు బోదెలు, ఇటుకలు, కోతులు, గుర్రాలు రంగు లేకుండానే అయిపోతాయి. పంచదారతో చేస్తే తెలుపు. జంతికల గొట్టంలో సన్నచిల్లుల బిళ్ల వేసి ఒత్తితే సింహానికి జూలు తయారు. గవ్వల చెక్క మీద దొర్లిస్తే శంఖాలకి గీతలు పడతాయి. కజ్జికాయలు కోసే చక్రంతో కుట్టు గీతలు వేయొచ్చు. ఇవన్నీ మా అత్తగారి సామాను, వేల రూపాయల కేక్ పనిముట్లు కొనాల్సిన పనిలేదు. చిక్కల్లా ఒక్కటే. చలిమిడి ఫ్రిజ్‌లో గట్టిపడిపోతుంది, క్రీమ్ కేక్ బయట ఆగదు. అందుకని బొమ్మల్ని బయట పళ్లెంలో మూతపెట్టి ఉంచి, కోసే ముందు ఎక్కించాలి.

రెండోది కాజు కత్లీ ముద్ద. జీడిపప్పు పొడి, పాకం, అంతే. గోవాలో, ముంబైలో క్రైస్తవ కుటుంబాలు క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ బాదం బదులు జీడిపప్పుతోనే మార్జిపాన్ అనే తీపి ముద్ద చేసి అచ్చుల్లో ఒత్తుతారు. పనితనంలో ఇది ఫాండెంట్‌కి దగ్గరగా వస్తుంది. ధర చూస్తే మాత్రం గుండె గుభేల్మంటుంది కాబట్టి పెద్ద కేక్‌ని దీనితో కప్పే ఆలోచన పెట్టుకోవద్దు. చిన్న చిన్న బొమ్మలకే. వీటి కోసం మా ఇంట్లో పోట్లాటలు జరుగుతాయి. ఏనుగుని అరచేతిలో పట్టుకుని తిరిగే తల్లి నాకు ఇంతవరకు కనపడలేదు.

నాన్న టికెట్ సంచి

థీమ్ అంటే ఏమిటన్నది కూడా ఈ షరతు వల్లే నాకు మారుతూ వచ్చింది. ఫోన్‌లో కనబడిన బొమ్మని అచ్చుగుద్దినట్టు దించాలనుకుంటే ఫాండెంట్ లేకుండా కుదరదు. ఆ పట్టు వదిలేస్తే, ఎవరి కోసం చేస్తున్నామో ఆ మనిషి గురించి ఆలోచించడం మొదలవుతుంది.

మా నాన్న ఆర్టీసీ కండక్టర్‌గా రిటైరయ్యారు. డెబ్బయ్యో పుట్టినరోజుకి బస్సు కేక్ చేద్దామని పిల్లలన్నారు. పల్లెవెలుగు ఎరుపంటే రంగు సీసా మొత్తం పోయాలి. పైగా బస్సు డ్రైవర్‌ది, నాన్నది కాదు. నాన్నది సంచి. భుజాన వేలాడే తోలు సంచి, చేతిలో టికెట్ల కట్టలు. మెషిన్లు రాకముందు రోజులు కదా.

తోలు రంగు గనాష్‌దే, ఏ రంగూ అక్కర్లేదు. కేక్‌ని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి చల్లగా ఉన్నప్పుడు సంచి ఆకారానికి కోశాను. గుడ్డులేని కేక్‌ని వెచ్చగా ఉన్నప్పుడు కోస్తే రాలిపోతుంది. గనాష్ సగం గట్టిపడ్డాక అంచుల వెంట కజ్జికాయ చక్రం నడిపితే కుట్లు పడ్డాయి. బెల్లం చలిమిడితో పట్టీ, బకిలు. టికెట్లకి ఎంత ఆలోచించినా ఏమీ తోచలేదు. తినగలిగే వేఫర్ కాగితం ఉంది గానీ అది మందం, రుచి ఉండదు. చివరికి పూతరేకు తట్టింది. ఆత్రేయపురం మాకు పక్కనే, అక్కడ ఉత్త రేకులు కట్టలుగా అమ్ముతారు. 2023లో ఈ పూతరేకులకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. పొడిగా ఉన్న రేకుని కత్తెరతో ముట్టుకుంటే పెళుసుగా విరిగిపోతుంది. తడి బట్ట మధ్య క్షణం ఉంచితే మెత్తబడి కాగితంలా తెగుతుంది. ఆరాక అంచులు కొద్దిగా ముడుచుకుంటాయి, అచ్చం జేబులో మిగిలిపోయిన టికెట్లే. కరిగించిన చాక్లెట్‌ని బటర్ పేపర్ పొట్లంలో పోసి, సన్నగా చిల్లి పెట్టి, ఊళ్ల పేర్లూ అంకెలూ రాశాను. క్రీమ్ తడి తగిలితే చప్పబడిపోతాయి కాబట్టి ఆఖరి నిమిషంలో కట్టగా పెట్టాను.

నాన్న సంచిని చూసి ఏమీ అనలేదు. చేయి మాత్రం అలవాటు కొద్దీ పోయింది. బొటనవేలు నాలుకతో తడి చేసుకుని పైన ఉన్న టికెట్‌ని తీయబోయారు. తడి తగలగానే రేకు వేలికి అతుక్కుని కరిగిపోయింది. వేలు నోట్లో పెట్టుకుని, రెండో టికెట్ జాగ్రత్తగా తీసి, వెనక్కి తిప్పి చూసి, "చిల్లర రాయలేదేంటమ్మా? దిగేటప్పుడు ఇస్తావా?" అన్నారు. మా అమ్మ తప్ప అందరూ నవ్వారు. చిల్లర గొడవలన్నీ ఇంటికొచ్చాక వినింది ఆవిడే కదా.

కొవ్వొత్తుల దగ్గర మా అత్తగారు మామూలుగానే అడ్డుపడ్డారు. దీపం నోటితో ఆర్పడమేమిటని. ఈ విషయంలో నేను ఆవిడ పక్షమే, ఉమ్మి తుంపరల కారణంగానైనా. పక్కన ప్రమిద వెలిగించి కేక్ కోశాం.

మా ఆడపడుచు చెప్పినదాంట్లో నిజం

"నువ్వు ఇలా చేసి వాట్సాప్‌లో పెడతావు, మిగతా అమ్మలందరికీ ఇంట్లో తిట్లు" అంది ఓసారి. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆఫీసులో ఒకమ్మాయి కూడా నవ్వుతూనే ఇదే అంది, వాళ్లబ్బాయి "ఆ ఆంటీ చేసినట్టు నువ్వెందుకు చేయవు" అని అడిగాడట. ఉద్యోగం చేసుకుని, ఇల్లు చూసుకుని, అర్ధరాత్రి దాకా కేక్‌కి కుట్లు వేయడం ప్రేమకి కొలత అనుకునే రోజు వస్తే నేను ఈ పని మానేస్తాను. కొనుక్కోవడంలో తప్పేం లేదు. ఇంట్లో చేస్తే చవక అన్న మాట కూడా నమ్మొద్దు. మంచి చాక్లెట్, క్రీమ్, జీడిపప్పు, కరెంటు లెక్క వేస్తే బేకరీతో సమానం, మన టైము ఉచితం అనుకుంటేనే.

కానీ థీమ్ కేక్ అంటే శ్రమ అన్న భయం ఎక్కడి నుంచి వచ్చింది? రోజుల ముందే మొదలుపెట్టి చేసే ఆ ఫాండెంట్ బొమ్మల నుంచే. అవి తీసేయండి, ఒక సాయంత్రం పని మిగులుతుంది. మా మరిది కొడుకు జేసీబీ కేక్ కావాలన్నాడు. మగపిల్లలకి ఆ పసుపు బండి మీద ఆ పిచ్చి ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మామూలు చాక్లెట్ కేక్ చేసి, ఒక పక్క గొయ్యి తవ్వి, మా ఆయన చేత బిస్కెట్లు దంచించి మట్టి పోశాం. పైన వాడి సొంత బొమ్మ జేసీబీనే కడిగి నిలబెట్టాం. ప్లాస్టిక్ బొమ్మ మీ షరతుకి ఒప్పుతుందా అని అడగొచ్చు. ఒప్పుతుంది. అది తిండిలా నటించదు. వాడు బండి తీసుకుని పోయాడు, మేం మట్టి తిన్నాం. వృథా అయిందేమీ లేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఫాండెంట్ ఇష్టపడే పిల్లలు ఉన్నారు. కేక్ వదిలేసి పై పొర మాత్రమే ఒలుచుకు తినే పిల్లని నేను కళ్లారా చూశాను. అలాంటి పిల్ల మా ఇంట్లో ఉంటే ఆ పిల్లకి ఫాండెంట్ కేకే చేస్తాను, షరతు ప్రకారమే.

వచ్చే నెల మా ఆడపడుచు పెద్దకూతురి పుట్టినరోజు. ఈసారి కేక్ నన్నే చేయమంది. థీమ్ అక్వేరియం. నీళ్లకి శంఖుపుష్పం నీలం, అందులో నిమ్మరసం పడకూడదు, పడితే ఊదా రంగుకి తిరిగిపోతుంది. జెలటిన్ బదులు సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్ అంటే మా అత్తగారు సరేనన్నారు. అది ఒకసారి గడ్డకడితే 80 డిగ్రీలు దాటితే గాని కరగదు కాబట్టి ఎండ భయం లేదు. చేపలు కాజు ముద్దతో. "చేపలు మాత్రం మెరవాలి వదినా" అంది. వెండి రేకు అద్దుతానన్నాను, కాజు కత్లీ మీదున్న వెండిని గీకి పారేసేవాళ్లు ఎవరుంటారు? అంతా కుదిరిందనుకుంటుండగా ఆ పిల్లే ఫోన్ లాక్కుని చెప్పింది, చేపల్ని ఎవరూ తినకూడదట. డబ్బాలో పెట్టుకుని పెంచుకుంటుందట. కాజు ముద్ద ఫ్రిజ్‌లో వారం దాకా ఆగుతుంది. ఈలోపు ఫ్రిజ్ తలుపు తెరిచే వాళ్లమ్మ చేతి మీదే నాకు నమ్మకం.